మూడు రాత్రుల ముందు లేని చుక్క

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది చిత్తూరు పక్కన పల్లె. టౌన్లో సెల్‌ఫోన్ రిపేరు అంగడి పెట్టుకున్నాను. నిరుడు ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు కొన్నాను. ఫిబ్రవరి మొదట్లో మా మామిడితోటలో పునర్వసు నుంచి పుష్యమి వైపు మెల్లగా జరుపుకుంటూ పోతుంటే, దారికి కాస్త దక్షిణంగా ఒకచోట చుక్కల అమరిక బాగుందని నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నాను. మూడు రాత్రుల తర్వాత మళ్లీ అక్కడికే పోతే, బొమ్మలో లేని చుక్క ఒకటి పక్కవాటికి సమానంగా వెలుగుతోంది. ఫోన్ యాప్‌లో అక్కడ ఏమీ లేదు. నోవా (ఉన్నట్టుండి వెలిగే కొత్త చుక్క) కనిపెట్టానని మా గ్రూపులో పెట్టేశాను. ఒకాయన శాటిలైట్ అయ్యుంటుందని నవ్వాడు. ఇంకొకాయన "అది ఉత్త డ్వార్ఫ్ నోవాలే" అని కొట్టిపారేశాడు. పది పన్నెండు రోజులకు చుక్క మాయమైంది. ఇంతకీ నేను చూసిందేమిటి? డ్వార్ఫ్ నోవా అంటే చిన్న నోవానా? ఏది ఏదో తేల్చుకునేది ఎట్లా?

జవాబు: తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. ఉత్తరంతో పాటు పంపిన నోటుబుక్కు పేజీల ఫొటోలు చూశాను. మొదటి పేజీ మూలన బాల్‌పెన్నుతో "రా. 9.40, మంచు" అని రాశావు. కింద పెన్సిల్ గీతలు, ఒక పక్క దోమను చంపిన మరక. రెండో పేజీలో అవే చుక్కలు, వాటి మధ్యలో గట్టిగా దిద్దిన ఒక చుక్క, పక్కనే మూడు ప్రశ్నార్థకాలు. ఆ మూడోది అక్కర్లేదు కానీ, మిగతాదంతా బాగుంది.

నువ్వు చూసింది యు జెమినోరమ్, మిథునరాశిలోని ఒక చరతార, అంటే వెలుగు మారుతుండే నక్షత్రం. నా దగ్గరున్న పటంతో నీ రెండో బొమ్మ సరిపోయింది. మామూలు రోజుల్లో అది 14వ మాగ్నిట్యూడ్ (చుక్కల వెలుగును చెప్పే అంకె) దగ్గర ఉంటుంది. మీ తోటలో నీ ఎనిమిది అంగుళాల అద్దానికి అందదు, నీ యాప్‌లో అంత మసక చుక్కలు ఉండవు. అది ఒకటి రెండు రోజుల్లో 9 దాకా ఎగబాకుతుంది. మాగ్నిట్యూడ్ అంకె తగ్గేకొద్దీ వెలుగు పెరుగుతుందని నీకు తెలిసిందే. 5 అంకెలు తగ్గితే వెలుగు 100 రెట్లు. కాబట్టి లేని చుక్క పుట్టినట్టే కనబడుతుంది. సగటున 100 రోజులకొకసారి ఇట్లా చేస్తుంది, కానీ ఆ సగటును నమ్ముకుని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే మాత్రం మోసపోతావు. ఒక్కోసారి రెండు నెలలకే లేస్తుంది, ఒక్కోసారి ఏడెనిమిది నెలలు ఊరిస్తుంది.

అంటే ఆ రెండో పెద్దమనిషి అన్నదే నిజం. అయినా ఆయన మాట ఒప్పుకోను. ఒక్క రాత్రి చూసిన చుక్క గురించి, అది ఏ చుక్కో కూడా అడగకుండా, ఉత్త డ్వార్ఫ్ నోవా అనడానికి ఆయన దగ్గర ఉన్నదేమిటి? నోటికొచ్చింది అన్నాడు, తగిలింది. ఆ "ఉత్త" అనే మాట కూడా నాకు నచ్చలేదు.

నీకు జరిగిందే 1855 డిసెంబరులో లండన్‌లో జాన్ రస్సెల్ హిండ్ అనే ఆయనకు జరిగింది. సూర్యుడు నడిచే దారి పొడవునా చుక్కల పటాలు గీస్తూ, గ్రహశకలాలు దొరుకుతాయేమోనని వెతికేవాడు. అప్పటికి పటంలో లేని చుక్క ఒకటి మిథునంలో కనబడింది. కొన్నాళ్లకు పోయింది. ఈయన 1848లోనే సర్పధరుడి రాశిలో నిఖార్సైన నోవా ఒకటి పట్టినవాడు. ఇదీ అలాంటిదే అనుకుని ఉంటే తప్పు పట్టలేం. అయితే 1856లో నార్మన్ పాగ్సన్ అనే ఇంకో ఇంగ్లిష్ పరిశీలకుడు అదే చోట ఆ చుక్కను మళ్లీ చూశాడు. అప్పటికి తెలిసిన నోవాలేవీ ఇంత త్వరగా తిరిగిరాలేదు. అదే యు జెమినోరమ్, మనుషులకు దొరికిన మొదటి డ్వార్ఫ్ నోవా. దాని జాతి తేల్చింది దాన్ని మొదట చూసిన రాత్రి కాదు, అది తిరిగొచ్చిన రాత్రి.

తెలుగులో మరుగుజ్జు నోవా అనుకుందాం. ఈ పేరే నిన్ను తప్పుదారి పట్టించింది. నోవాలోనూ ఇందులోనూ ఉండే జంట ఒకటే. సూర్యుడికి దగ్గర దగ్గరగా బరువు, భూమి అంత సైజు ఉన్న తెల్ల మరుగుజ్జు ఒకటి (బడి పుస్తకాల్లో శ్వేత కుబ్జం అంటారు), దాన్ని అంటిపెట్టుకుని తిరిగే ఎర్రటి చిన్న నక్షత్రం ఇంకొకటి. యు జెమినోరమ్‌లో ఈ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి 4 గంటల 15 నిమిషాల్లో తిరిగేస్తాయి. నువ్వు పొద్దున్నే చిత్తూరులో బస్సెక్కి తిరుపతిలో పని చూసుకుని తిరిగొచ్చేలోపు వాటికి ఒక ఏడాది గడిచిపోతుంది. ఎర్రదాని ఒంటి మీది వాయువు జారి తెల్లదాని వైపు పోతుంది. నేరుగా పడదు, చుట్టూ తిరుగుతూ పళ్లెంలా పేరుకుంటుంది. ఇంతవరకు రెండు కథలూ ఒకటే.

తేడా ఎక్కడంటే, మరుగుజ్జు నోవాలో వెలిగేది ఆ పళ్లెం. చెరువు నిండుతున్నంత సేపూ నెమ్మదిగానే ఉంటుంది, మొరవ దాటగానే పరుగెత్తుతుంది చూడు, అట్లాంటిదే. వాయువు పోగుపడి, వేడెక్కి, అందులోని హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడే స్థితికి రాగానే పళ్లెంలో రాపిడి ఒక్కసారిగా పెరుగుతుంది. నిలవున్నదంతా తెల్లదాని మీదికి దిగబారుతుంది. ఆ దిగబారే వేడికే పళ్లెం వెలుగుతుంది. ఖాళీ అయ్యాక చల్లబడుతుంది, మళ్లీ నిండడం మొదలు. ఎక్కడా ఏదీ పేలలేదు.

నోవాలో వెలిగేది అట్లా దిగిన సరుకు. తెల్లదాని మీద వేల ఏళ్లు పొరలు పొరలుగా పేరుకున్న హైడ్రోజన్ అడుగున ఒత్తిడికి, వేడికి అంటుకుంటుంది. గడ్డివామికి నిప్పు పడ్డట్టు. అణుసంలీనం అదుపు తప్పి, పైపొర మొత్తం సెకనుకు వందల, వేల కిలోమీటర్ల వేగంతో అంతరిక్షంలోకి ఎగిరిపోతుంది. నక్షత్రం మాత్రం మిగిలే ఉంటుంది. నక్షత్రమే బద్దలైపోయే సూపర్‌నోవాతో దీన్ని కలపకూడనిది ఇందుకే. నోవా వెలుగు 8 నుంచి 15 మాగ్నిట్యూడ్ల దాకా పెరగొచ్చు, మరుగుజ్జు నోవాలు ఎక్కువగా 2 నుంచి 6 లోపు ఆగుతాయి. మరుగుజ్జు అన్నది ఆ పెరుగుదలను చూసి పెట్టిన పేరు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. తోటలో నిలబడి తేల్చుకునేది ఎట్లా?

శాటిలైట్ అన్న మాటను ముందు పక్కన పెట్టు. అది టెలిస్కోపు చూపులో సెకన్లలో దాటిపోతుంది, పది రోజులు ఒకేచోట కూర్చోదు. భయపడాల్సింది గ్రహశకలానికి, అందులోనూ మిథునం లాంటి రాశుల్లో. యు జెమినోరమ్ సూర్యుడి దారికి డిగ్రీ పైచిలుకు దూరంలో ఉంది, అంటే గ్రహశకలాలు తిరిగే నడివీధి. నా కథ చెబుతా. 2010 ఫిబ్రవరిలో సింహరాశి మెడ దగ్గర పటంలో లేని చుక్క చూసి, అర్ధరాత్రి దాటాక స్నేహితుడికి ఫోన్ చేసి లేపాను. వాడు లుంగీ సర్దుకుంటూ మా మిద్దె ఎక్కాడు, ఇద్దరం మురిసిపోయాం. మరుసటి రాత్రి చూస్తే ఆ చుక్క పక్కకు జరిగి ఉంది. వెస్టా! బైనాక్యులర్‌లోనే కనబడేంత వెలుగులో ఉన్న గ్రహశకలం. వాడు ఇప్పటికీ నన్ను చూస్తే "నోవా ఎట్లుంది?" అనే పలకరిస్తాడు. గ్రహశకలం రోజుకు చందమామ వెడల్పులో సగం దాకా జరుగుతుంది. కాబట్టి రెండో రాత్రి చూడనిదే ఎవరికీ చెప్పకూడదు. అంత ఆగలేకపోతే గంటన్నర ఆగి, పక్క చుక్కలతో కోణం మారిందేమో చూడు. నువ్వు మరుసటి రాత్రి కూడా అదే చోట చూశానని రెండో పేజీ అడుగున రాశావు. బాగా చేశావు.

జరగలేదు సరే. అప్పుడు ఆ చోట మామూలుగా ఏముంటుందో వెతకాలి. అమెరికాలో 1911లో మొదలైన చరతారల పరిశీలకుల సంఘం, ఏఏవీఎస్ఓ, వెబ్‌సైట్లో వీఎస్ఎక్స్ అనే పట్టిక ఉంది. ఆకాశంలో చోటు చెబితే, అక్కడ తెలిసిన చరతార ఏదైనా ఉందేమో చూపిస్తుంది. ఫోన్లోనే అయిపోతుంది, నీకు నేను చెప్పాలా! గ్రూపులో పెట్టే ముందు ఈ పని చేసుంటే యు జెమినోరమ్ పేరు రెండు నిమిషాల్లో దొరికేది, ఆ నవ్వులు తప్పేవి. ఇందులో తప్పు నీదే.

పట్టికలో ఏమీ లేకపోతే? అప్పుడు పాత ఆకాశ ఫొటోల్లో ఆ చోట మసక చుక్క ఉందా అని చూస్తారు. 20వ మాగ్నిట్యూడ్ దాకా ఏమీ లేనిచోట 9వ మాగ్నిట్యూడ్ చుక్క లేచిందంటే 11 అంకెల దూకుడు. అప్పుడు నోవా అనే మాట నోట్లోకి రావచ్చు. చోటు కూడా కొంత చెబుతుంది. నోవాలు దూరం నుంచీ కనబడేంత వెలుగువి. అందుకే పాలపుంత దట్టంగా ఉండే ధనుస్సు, వృశ్చికం వైపు ఎక్కువగా దొరుకుతాయి. మరుగుజ్జు నోవాలు మనకు దగ్గరవే కనబడతాయి కాబట్టి ఏ దిక్కునైనా ఉంటాయి. పెద్ద టెలిస్కోపు ఉన్నవాళ్లు వర్ణపటం (చుక్క వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ) తీసి ఒక్క రాత్రిలో తేల్చేస్తారు. నోవా అయితే బయటికి ఎగజిమ్మే వాయువు వెడల్పాటి ప్రకాశ రేఖలుగా కనబడుతుంది.

మన చేతిలో ఉన్నది కన్ను, రాత్రులు. చుక్క ఎన్ని రోజుల్లో ఎంత తగ్గిందో అదే మన వర్ణపటం. నోవాలను పడిపోయే వేగాన్ని బట్టే వర్గాలు చేశారు. శిఖరం నుంచి 2 మాగ్నిట్యూడ్లు పడడానికి 10 రోజుల లోపు పడితే మహా వేగం, 25 దాకా వేగం, 80 దాకా మధ్యరకం, ఆపైన నెమ్మది. నెమ్మదివి ఎంత నెమ్మది అంటే, 2021 మార్చిలో కాసియోపియాలో లేచిన నోవా మే నెలలో గానీ తన శిఖరం చూపించలేదు. మరుగుజ్జు నోవా అట్లా కాదు. గబుక్కున లేచి, వారం పది రోజులు నిలిచి, రెండు వారాల్లోపు ఎక్కడ మొదలైందో అక్కడికే పోతుంది. నీ పన్నెండు రోజుల చుక్క సరిగ్గా అదే చేసింది.

ఇంతటితో లెక్క తేలిపోయిందనుకోకు. పాగ్సన్‌ను మళ్లీ పిలుస్తున్నా. ఆయన తర్వాత మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చాడు. అనూరాధకు కాస్త పైన 1863 మేలో ఒక కొత్త చుక్కను అక్కడి నుంచే పట్టాడు. అదే యు స్కార్పీ. లేచినంత వేగంగా పడిపోయింది. మూడు రోజుల్లోపే 3 మాగ్నిట్యూడ్లు పడిపోతుందది. వేగం ఒక్కటే చూస్తే మరుగుజ్జు నోవా అనేస్తాం. కానీ అది 18 దగ్గరి నుంచి 7.5 దాకా లేచే నోవా, పైగా పదే పదే పేలే రకం. పాగ్సన్ తర్వాత ఎన్నో దశాబ్దాలకు, హార్వర్డ్‌లో దాచిన పాత ఫొటో పలకల్లో 1906, 1936 పేలుళ్లు దొరికాయి. తర్వాత 1979, 1987, 1999, 2010, 2022. మనకు రైల్లో మూడు నాలుగు గంటల దూరంలోని ఊరి నుంచి దొరికిన చుక్క అది. అదే మద్రాసులో పనిచేసిన చింతామణి రఘునాథాచారి గారు కూడా 1867లో ఒక చరతారను పట్టారు.

దీనికి తిరగేసిన కథ డబ్ల్యుజెడ్ సాజిటే. 1913లో లేచింది, నోవా అన్నారు. 1946లో మళ్లీ లేచింది, సరే పదే పదే పేలే నోవా అన్నారు. 1978లో దగ్గరగా గమనిస్తే మరుగుజ్జు నోవా అని బయటపడింది, మూడు దశాబ్దాలకొకసారి గానీ నిద్రలేవని రకం. కానీ 2001లో లెక్క తప్పి ముందే లేచింది. ఇవి రెండూ చాలవన్నట్టు జీకే పెర్సీ ఉంది. 1901లో ఆకాశంలో పెద్ద చుక్కలతో పోటీపడిన నోవా, ఇప్పుడు సుమారు మూడేళ్లకొకసారి 13 నుంచి 10 దాకా లేచి మరుగుజ్జు నోవా వేషం కడుతుంది. వామి కాలిపోయిన కళ్లంలోనే చెరువు నిండుతోందన్నమాట. అందుకే వర్గం పేరు పెన్సిల్‌తో రాసుకోమంటాను.

మరుగుజ్జుల్లోనూ ఇళ్లపేర్లున్నాయి. యు జెమినోరమ్, ఎస్ఎస్ సిగ్ని లాంటివి లేస్తాయి, పడతాయి, అంతే. జెడ్ కామెలోపార్డాలిస్ రకం పడుతూ పడుతూ మధ్యలో అలిగి వారాలు, నెలలు అక్కడే నిలబడిపోతాయి. ఎస్‌యు అర్సే మేజోరిస్ రకం మామూలు లేపుళ్ల మధ్య అప్పుడప్పుడు ఎక్కువ రోజులు నిలిచే పెద్ద లేపు లేస్తాయి, ఆ సమయంలో గంటన్నర, రెండు గంటలకొకసారి చిన్న వెలుగు అల కనబడుతుంది. ఆ అల మన కంటికి దొరకడం కష్టం, కెమెరా కావాలి.

ఇక నోటుబుక్కు సంగతి. "పక్కదానికి సమానం" అంటే సరిపోదు. ఏఏవీఎస్ఓ పటం దించుకో, చరతార చుట్టూ పోల్చదగ్గ చుక్కలకు అంకెలు ఉంటాయి. 89 అంటే 8.9, 95 అంటే 9.5. మధ్యలో చుక్క పెడితే అదీ నక్షత్రం అనుకుంటారని వదిలేశారు. నీ చుక్క 8.9 కంటే మసక, 9.5 కంటే ప్రకాశం, ఆ దూరంలో మూడోవంతు దిగింది అనిపిస్తే 9.1. అంతే, తులంలో తూచినట్టు అక్కర్లేదు. ఒకే చుక్కను గుడ్లప్పగించి చూడకు, చూపు అటూ ఇటూ తిప్పుతూ పోల్చు. ఎర్ర చుక్కల దగ్గర ఎక్కువసేపు చూస్తే అవి నిజానికన్నా వెలుగుగా అనిపిస్తాయి. నిన్న ఎంత రాశావో చూసి ఇవ్వాళ అంచనా వేయకు, కన్ను నిన్నటి అంకెకే సాక్ష్యం చెబుతుంది.

టైము రాసేటప్పుడు తేదీ దగ్గర చాలామంది తడబడతారు, నేనూ తడబడ్డా. అర్ధరాత్రి దాటాక తేదీ మార్చాలా వద్దా అని. రోజులకు వరసగా అంకెలిచ్చే జూలియన్ రోజు లెక్క వాడుకో. అది విశ్వ సమయం (గ్రీనిచ్ సమయం) మధ్యాహ్నం 12కి, అంటే మనకు సాయంత్రం 5.30కి మొదలవుతుంది. మన రాత్రి మొత్తం ఒకే రోజులో ఇమిడిపోతుంది. ఐరోపా వాళ్లకూ ఇదే సుఖం, పడమటి అమెరికా వాళ్లకైతే చలికాలంలో రాత్రి మధ్యలోనే రోజు మారుతుంది. నీ 9.40 అంటే 5.30 తర్వాత 250 నిమిషాలు, 1440తో భాగిస్తే 0.174. ఆ రోజు అంకె పక్కన అది రాస్తే చాలు.

నీ మొదటి బొమ్మ, చుక్క లేని బొమ్మ, నా లెక్కలో రెండోదానికన్నా విలువైనది. ఆ రాత్రి 9.40కి నీకు కనబడిన అతి మసక చుక్క ఎంతో పటంలో చూసుకో. 12.3 అనుకో, "12.3 కన్నా మసక" అని రాయి. లేపు ఎప్పుడు మొదలైందో రెండు వైపులా కంచె వేసేది ఆ లేని చుక్కే. చుక్క మాయమయ్యాక నువ్వు రాయడం ఆపేశావు, అది నాకు బాధనిపించింది.

ఇదంతా ఎవరికి పనికొస్తుందని గ్రూపులో అడిగినవాళ్లు ఉంటే ఎస్ఎస్ సిగ్ని కథ చెప్పు. 1896 నుంచి తెలిసిన చుక్క, 12 నుంచి 8 దాకా సుమారు ఏడు వారాలకొకసారి లేస్తుంది. హబుల్ టెలిస్కోపు దాని దూరం 500 కాంతి సంవత్సరాల పైచిలుకు అని కొలిచింది. అంత దూరమైతే దాని అసలు వెలుగు ఎక్కువుండాలి. అప్పుడు ఇందాక నేను చెప్పిన చెరువు, మొరవ లెక్క దానికి పొసగదు. రేడియో టెలిస్కోపులతో మళ్లీ కొలుద్దామంటే, అది లేచినప్పుడే రేడియోలో కనబడుతుంది, ఎప్పుడు లేస్తుందో తెలియదు. నీలాంటి పెరటి పరిశీలకులు లేచింది లేచింది అని కబురు పెట్టగానే రేడియో టెలిస్కోపులు అటు తిప్పారు. ఫలితం 2013లో వచ్చింది, సుమారు 370 కాంతి సంవత్సరాలు. లెక్క నిలబడింది.

ఆ ఎస్ఎస్ సిగ్ని నాకు తిరుమల కొండ వైపే వస్తుంది. బాగా పైకి రానప్పుడు కొండ మీది దీపాల వెలుగులో మునిగిపోతుంది. మీ తోటకు ఆ బాధ లేదు. టి కొరోనే బొరియాలిస్ అనే పదే పదే పేలే నోవాను కూడా జాబితాలో పెట్టుకో. 1866, 1946లో 2వ మాగ్నిట్యూడ్ దాకా పేలింది. 2024 సెప్టెంబరులోపే పేలుతుందని లెక్కలు కట్టారు, నేను ఆ నెలంతా నిద్ర చెడగొట్టుకున్నాను, చుక్క మాత్రం 10 దగ్గరే కదలకుండా కూర్చుంది.

మిథునం జూలైలో సూర్యుడి వెనక్కి పోతుంది. మే చివరిదాకా సాయంత్రం పడమటన దొరుకుతుంది, మళ్లీ సెప్టెంబరు నుంచి తెల్లవారుజామున. ఈ వారం మబ్బు లేకపోతే పటం దించుకుని ఆ చోటికే పో. చుక్క ఉండదు. ఎంత మసకదాకా కనబడిందో, ఎన్ని గంటలకో రాసి, ఆ పేజీ ఫొటో నాకు పంపు.